చుక్కీ, ఆయమ్మతో సెప్పు

హంపమ్మకు తొలిచూపులోనే కోపం వచ్చింది. ఆ చూపు కూడా ఆమె ఒక్కదానిదే. అవతలి మనిషి చూస్తే గదా!

ఆదోని కోటకొండ వెనక ఇంకా పూర్తిగా తెల్లారలేదు. తల్లి భీమమ్మ జ్వరంతో దుప్పటి ముసుగు పెట్టడంతో పాలు పిండే పని హంపమ్మ నెత్తిన పడింది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎనుము, పేరు చుక్కి. దాని పొదుగు కింద చెంబు పెట్టుకుని, నిద్రమత్తులో సణుక్కుంటూ పిండుతోంది. వాకిట్లో ఏదో అడ్డం వచ్చినట్టు వెలుతురు తగ్గింది. తలెత్తి చూస్తే గుమ్మం పట్టనంత మనిషి. ఒళ్లంతా ఎర్రమట్టి.

"పాలు" అన్నాడు.

"ఎవురికి?"

అతను తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"నిన్నేప్పా అడిగేది! యావూరు నీది? ఎవురు పంపినారు?"

ఆ మనిషి మెల్లగా ఎనుము వైపు తిరిగాడు.

"చుక్కీ, ఆయమ్మతో సెప్పు. గఫూర్ వస్తాదు కుస్తీ తాలీం నుంచి తిక్కయ్య వచ్చినాడని. రోజూ సేరు పాలకు భీమమ్మత్తతో నిన్ననే మాట్లాడుకున్నాడని."

హంపమ్మ నోరు తెరిచింది. తాను పుట్టి బుద్ధెరిగాక ఎనుముతో కబురు పంపినవాణ్ణి చూడలేదు.

"తిక్కయ్యనా? పేరు పెట్టినోళ్లకు ముందే తెలిసినట్టుందే!"

"చుక్కీ, అది మాయవ్వ మొక్కుకోని పెట్టిన పేరని సెప్పు."

"మా యమ్మను అత్తా అని పిల్సేదానికి నోరొస్తాది. నా మొకం సూసేదానికి మెడ రాదా?"

మెడ రాలేదు గానీ, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. హంపమ్మ విసురుగా లోపలికి పోయి, కచ్చకొద్దీ పాలల్లో కాసిన్ని నీళ్లు కలిపి తెచ్చి లోటా చేతికిచ్చింది. అతను గటగటా తాగి, మూతి తుడుచుకుని, చుక్కి వీపు నిమిరాడు.

"ఏం చుక్కీ, రాత్రి వానలో తడిసినట్టుండావే! పొదుగులోకి గూడా నీళ్లు దిగినట్టుండాయి."

అతను వెళ్లిపోయాడు. హంపమ్మకు ఫక్కున నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్లీ కోపం వచ్చింది.

ఆ పిల్ల కోపానికి అప్పటికే వేరే కారణాలున్నాయి లెండి. టైపు లోయర్ పరీక్ష రెండుసార్లు తప్పింది. తెలివి లేక కాదు. బసన్న సార్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె అంత చురుకైన పిల్ల లేదు. ఉన్న జబ్బల్లా ఒకటే. మిషను ముందు కూర్చుంటే చాలు, కళ్లు కాగితం వదిలి అక్షరాల మీదికి జారతాయి. కిందికి ఒక చూపు, పైకి ఒక చూపు. ఈలోగా టైము అయిపోతుంది.

"కండ్లు కాగితం మీద పెట్టమ్మా! ఏళ్లకు దోవ తెలుసు, వాటిని నమ్ము!" అని బసన్న సార్ గొంతు బొంగురుపోయేదాకా అరిచేవాడు. సార్ అరిచినంతసేపూ చూపు నిలిచేది. ఆయన బీడీకి బయటికి పోతే మళ్లీ జారేది.

ఈసారి భీమమ్మ తెగేసి చెప్పింది. "ఇదే ఆఖరు. పాసైతే నీ ఇష్టం. తప్పితే మాత్రం గోనెగండ్లకు కబురు పంపుతా. ఈరప్ప ఎన్నాళ్లని కాసుకోనుంటాడు?"

ఈరప్ప హంపమ్మ మేనమామ. చెడ్డవాడు కాదు పాపం. కానీ ఆయన నోట ఎద్దుల మాట తప్ప వేరే మాట రాదు. పోయిన ఉగాదికి వచ్చి హంపమ్మను ఎగాదిగా చూసి, "బాగా మేపినావే అక్కా!" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే హంపమ్మకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె కోరిక వేరే. చిన్నప్పుడు తువ్వాళ్లు కొనడానికని తల్లి వెంట ఎమ్మిగనూరు చేనేత సొసైటీకి పోయింది. అక్కడ ఆఫీసులో ఒకామె పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ, కిందికి చూడకుండా, టకటకా టైపు చేస్తోంది. ఆ వేళ్లు చూసిన పిల్ల తువ్వాళ్ల సంగతి మరిచిపోయింది. పెద్దయ్యాక ఆ కుర్చీలో తానే కూర్చోవాలని ఆనాడే అనుకుంది.

భీమమ్మ జ్వరం తగ్గింది. పాలు పిండే పని మాత్రం హంపమ్మ తిరిగివ్వలేదు.

"ఏంమే, నీకు ఎనుముల మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?" అని తల్లి అడిగితే, "నీకు రెస్టు కావల్లమ్మా" అంది. భీమమ్మ నవ్వు దాచుకుంది. ఆమె మాత్రం పడుచుదనం దాటి రాలేదా ఏమిటి?

ఆ మొండివాడితో తల ఎత్తించాలని హంపమ్మ పంతం. ఒక పొద్దు కనకాంబరాలు పెట్టుకుంది. ఇంకో పొద్దు చిలకపచ్చ ఓణీ వేసుకుంది. మరో పొద్దు చేతి నిండా గాజులు తొడుక్కుని, అక్కర లేకపోయినా చెంబును ఇటూ అటూ కదిపింది. గాజులు గలగలమన్న ప్రతిసారీ అతను మరింత కిందికి వంగాడే గానీ పైకి లేవలేదు.

"చుక్కీ, ఈయప్పకు కండ్లు సరిగ్గా ఉన్నాయో లేవో అడుగు!"

"ఉన్నాయని సెప్పు చుక్కీ. ఉండబట్టే ఈ అవస్థ అని సెప్పు."

ఆ జవాబుకు తడబడిన హంపమ్మ పేడ మీద కాలేసింది. జర్రున జారింది. కిందపడేలోపు రెండు చేతులు ఆమెను గడ్డిమోపు ఎత్తినట్టు ఎత్తి, పక్కనున్న మేత వేసే గాడిపట్టె మీద కూర్చోబెట్టాయి. హంపమ్మ ఎదురుగా అతని ముఖం. కళ్లు మాత్రం గట్టిగా మూసి ఉన్నాయి!

"చుక్కీ, దెబ్బ తగిలిందేమో అడుగు" అన్నాడు కళ్లు మూసుకునే.

"తగిలింది! కాలికి గాదు. ఇంత పొగరుబోతుకు రోజూ పాలు పోస్తాండానే, అదీ నా ఖర్మ!"

అతను పాలు తాగకుండానే వెళ్లిపోయాడు. హంపమ్మకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఇన్‌స్టిట్యూట్‌లో పక్క మిషను అజీమున్నీసాది. గఫూర్ వస్తాదు కూతురే. జరిగింది విని ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"పొగరా? తిక్కన్నకా? యా అల్లా! మా అబ్బా నోట్లోంచి మాట పడితే నీళ్లు గూడా తాగడే! పోయినేడు ఎమ్మిగనూరు జాతరలో శిరుగుప్ప పైల్వాన్‌ను పట్టేసినాడు. ఇంకొక్క దెబ్బకు గెలుస్తాడనంగా, గుంపులో ఎవురో పిల్ల గాజులు మోగినాయి. తల తిప్పి సూసినాడు. అంతే! ఈపు మట్టికి తగిలింది."

"అంతకేనా ఓడిపోయింది?"

"అంతకే. మా అబ్బా ఏమన్నాడో తెలుసా? 'బేటా, నీ ఒంట్లో బలముంది, కండ్లకే కళ్లెం లేదు. గెలిచేదాకా పడుచుపిల్లను కన్నెత్తి సూడొద్దు, మాట కలపొద్దు' అన్నాడు. మళ్లా ఓడినాడంటే ఇంకో ఏడాది ఇదే. పాపం, నీ ముందర ఎన్ని అగ్నిపరీక్షలు పడతాండాడో!"

హంపమ్మ నవ్వలేదు. కళ్లకు కళ్లెం లేదన్న మాట ఆమెకు సూదిలా గుచ్చుకుంది. ఎదురుగా మిషను, దాని మీద అక్షరాలు. ఆమె కళ్లు అప్పటికే అక్కడికి జారి ఉన్నాయి.

మర్నాడు అతను రాలేదు. హంపమ్మే పాల క్యాను పట్టుకుని తాలీం దాకా పోయింది. లోపలికి ఆడవాళ్లు పోకూడదు. గడప బయట నిలబడి చూసింది.

తిక్కయ్య గోదాలో ఒంటరిగా మట్టి తవ్వుతున్నాడు. పార ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం. తవ్వినదాన్ని చదును చేశాడు. ఆ వెంటనే దండీలు, ఆపై బస్కీలు. చెమట ధార కట్టి కిందికి కారుతోంది. పక్కన మెచ్చుకునేవాడు లేడు, చప్పట్లు లేవు. చూసేవాళ్లు లేనప్పుడు కూడా మోకాలు కొంచెమైనా తక్కువ వంగడం లేదు. ఒళ్లొంచి పనిచేసే మగవాళ్లను హంపమ్మ చాలామందిని చూసింది. తనను తాను ఇంత నమ్మకంగా కాపలా కాసుకునే మనిషిని చూడటం ఇదే మొదలు. ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంతటివాణ్ణా తాను పొగరుబోతు అన్నది!

అరుగు మీద తస్బీ పూసలు తిప్పుకుంటున్న గఫూర్ సాబ్ ఆమెను చూశాడు. "పాలు తెచ్చినావా బేటీ?"

"ఈయప్పకు బలం శానా ఉంది గదా తాతా, ఇంకా రోజూ ఇంత కష్టమెందుకు?"

ముసలాయన నవ్వాడు. "బలం మీ ఎనుముకు గూడా ఉంది బేటీ. పైల్వాన్ ఎవురంటే, మనసు రానన్న పొద్దు గూడా గోదాలోకి దిగేటోడు."

క్యాను గడప మీద పెట్టి, లోపలికి వినబడేలా హంపమ్మ అంది. "చుక్కి సెప్పమన్నాది తాతా. తప్పుగా మాట్లాడినాదంట. రేపట్నుంచి పాలకు రమ్మన్నాది."

గోదాలో బస్కీ ఒక్కటి తడబడింది. గఫూర్ సాబ్ గట్టిగా దగ్గాడు.

ఆ మర్నాడు తిక్కయ్య వచ్చాడు. హంపమ్మ నీళ్లు కలపని పాలు ఇచ్చి, చుక్కి మెడ నిమురుతూ అడిగింది.

"చుక్కీ, ఆయప్పను అడుగు. పాడు అలవాటు మానల్లంటే ఏం జెయ్యల్లని."

అతను లోటా కింద పెట్టాడు. "మానల్ల మానల్ల అనుకుంటే మానలేమని సెప్పు చుక్కీ. పొద్దయితే ఆడికి పోయి నిలబడల్ల. మనసు యాడికన్నా పోనీ, ఒళ్లు ఆడుంటే అదే ఎనకాలే వస్తాది. నాకూ రోజూ తల ఎత్తల్లనే ఉంటాది."

"రోజూనా?"

"చుక్కీ... పాలిచ్చే టైములో మరీ ఎక్కువని సెప్పు."

అది చెప్పి మనిషి పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. హంపమ్మ ఆ పూట చుక్కికి తవుడు రెండింతలు వేసింది.

అప్పటినుంచి ఆమె పద్ధతే మారింది. ఇన్‌స్టిట్యూట్ తలుపులు తీసేవేళకు మెట్ల మీద ఉండేది. తువ్వాలు ఒక కొస మెడకు కట్టుకుని, రెండో కొస మిషను మీద పరిచి, దాని కింద చేతులు పెట్టి కొట్టేది. మొదట్లో కాగితం మీద వచ్చింది ఏ భాషో బసన్న సార్‌కే అర్థం కాలేదు. "ఇది చైనా వాళ్లకు పంపమ్మా, సంతోషపడతారు" అన్నాడు. హంపమ్మకు ఏడుపొచ్చింది. అయినా తువ్వాలు తియ్యలేదు.

ఇంట్లో మిషను లేదు. అందుకని చుక్కి పాలు చేపేదాకా పాల క్యాను మూత ఒళ్లో బోర్లించుకుని వేళ్లతో కొట్టేది. ఏ ఎస్ డి ఎఫ్. టక్ టక్ టక్ టక్. తిక్కయ్య గోడవైపు తిరిగి ఆ తాళానికి బస్కీలు తీసేవాడు. చూపు లేదు, మాట లేదు. రేకుమూత ఒక్కటే ఇద్దరి మధ్యా మాట్లాడేది.

ఒక పొద్దు అతను ఉన్నట్టుండి అన్నాడు. "చుక్కీ, ఎడమ చేతి చిటికెనేలు నిద్రపోతాంది. దాని సప్పుడు తక్కువుంది."

హంపమ్మ చప్పున చెయ్యి చూసుకుంది. నిజమే! 'ఏ' అక్షరం ఎప్పుడూ చిక్కగా పడదని బసన్న సార్ కూడా తిట్టేవాడు. కళ్లెత్తి చూడని మనిషికి తన వేళ్లలో దేని బలమెంతో తెలిసిపోయింది! ఆ మాటకు ఆమె గుండె ఝల్లుమంది.

ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున, ఈ వానలో ఎవరొస్తారులే అని దుప్పటి లాక్కుంది. అతను వస్తాడేమో అనిపించి లేచింది. వాన దంచి కొడుతుంటే, నెత్తిన గోనెపట్ట కప్పుకుని తిక్కయ్య వాకిట్లో ఉన్నాడు. ఇద్దరూ కొట్టంలో చూరు కింద నిలబడ్డారు. చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చుక్కీ, జాతరలో గెలిచినాక ఈయప్ప మొదట ఏం జేస్తాడంట?"

"మొదట తల ఎత్తుతాడంట."

"ఆమీట?"

"తల ఎత్తినాక ఎదురుగా ఎవురుంటారో దాన్ని బట్టి ఉంటాదని సెప్పు చుక్కీ."

చుక్కి మోర ఎత్తి పెద్దగా అరిచింది. పాపం, రెండు వైపులా కబుర్లు మోసి దానికీ విసుగొచ్చి ఉంటుంది.

లోయర్ పరీక్ష కర్నూల్లో. హాల్లో హంపమ్మకు వచ్చిన మిషను చూసి పక్కనున్న అజీమున్నీసా గుండె జారిపోయింది. వాడీ వాడీ దాని మీద సగం అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. పరికించి చూసినా ఏది ఏదో తెలియదు. ముందు వరసలో అలాంటి మిషనే దొరికిన ఒకబ్బాయి "సార్, దీంట్లో అక్షరాల్లేవు!" అని లబోదిబోమన్నాడు.

హంపమ్మకు మాత్రం నవ్వొచ్చింది. అక్షరాలుంటే ఎంత, లేకుంటే ఎంత? చిటికెన వేలిని ఒకసారి విదిలించి, నిద్ర లేపి, కళ్లను కాగితానికి కట్టేసింది. బెల్లు కొట్టారు. ఆ తర్వాత ఆమెకు వినబడింది రేకుమూత చప్పుడే.

ఎమ్మిగనూరు జాతర వచ్చింది. రథం, బెండు బత్తాసులు, ఎద్దులు అమ్మే పరస, నేల ఈనినట్టు జనం. ఈరప్ప గోనెగండ్ల నుంచి ఎద్దుల బండి కట్టుకుని ముందే వచ్చాడు. భీమమ్మ, హంపమ్మ బస్సు దిగేసరికి బసన్న సార్ పేపరు ఊపుతూ ఎదురొచ్చాడు.

"పాస్! ఫస్ట్ క్లాసు! చైనా వాళ్లకు పంపేది లేదింక, సొసైటీకే పంపుదాం!"

భీమమ్మ కూతుర్ని పొదివిపట్టుకుని నడిబజార్లోనే ఏడ్చేసింది. "అన్న మాట మాటే. నీ ఇష్టమొచ్చినట్టు బతుకు తల్లీ" అంది. హంపమ్మ సంతోషంలో సగమే బయటికి వచ్చింది. మిగతా సగం గోదాలో తేలాల్సి ఉంది. అతను ఓడిపోతే ఆ తల ఇంకో ఏడాది లేవదు.

కుస్తీ చూడటానికి ఆడపిల్లలంతా వరసగా నిలిపిన బండ్లెక్కారు. హంపమ్మ ఈరప్ప బండి మీద, తిక్కయ్య కోసం చుక్కి పాలు తెచ్చిన క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదుటివాడు మళ్లీ ఆ శిరుగుప్ప పైల్వానే. వస్తూనే తిక్కయ్యను బోర్లా పడేసి, మెడ మీద మోకాలు పెట్టి తొక్కాడు. వెల్లకిలా తిప్పితే కుస్తీ అయిపోయినట్టే. తిక్కయ్య మట్టిని కరుచుకుని పడి ఉన్నాడు.

"లెయ్ నాయనా! లాగు నాయనా! హై! హై!" అని ఈరప్ప ఎద్దుల్ని అదిలించినట్టు అరుస్తున్నాడు. హంపమ్మకూ అరవాలనే ఉంది. అరవలేదు. ఎడమ చేతి గాజుల్ని కుడిచేత్తో, కుడిచేతివి మోకాళ్ల మధ్య బిగబట్టి, ఒక్క గాజు కూడా మోగకుండా కూర్చుంది.

పక్క బండ్ల మీద పిల్లలు ఎగిరి గంతులేస్తుంటే గాజుల మోత గోదా మీద వానలా కురిసింది. తిక్కయ్య తల ఇంచు తిరగలేదు. పార ఎత్తిన భుజాలు, బస్కీలు తీసిన తొడలు, చూసేవాళ్లు లేనప్పుడు కూడా మోసం చెయ్యని ఆ మోకాళ్లు నిదానంగా నేల వదిలాయి. శిరుగుప్ప మనిషిని వీపు మీద మోసుకునే పైకి లేచాడు. ఒక్క మెలిక. ధబ్! శిరుగుప్ప పైల్వాన్ కళ్లు ఆకాశం చూస్తున్నాయి. చిత్!

జాతరంతా హోరెత్తింది. గఫూర్ సాబ్ గోదాలోకి దిగి, శిష్యుడి గడ్డం కింద చెయ్యి పెట్టాడు. "తల ఎత్తు బేటా."

తిక్కయ్య తల ఎత్తాడు. ముందు వస్తాదును చూసి కాళ్లకు మొక్కాడు. తర్వాత నేరుగా బండ్ల వైపు వచ్చి, టక్కున ఆగిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది పాపం మనిషికి! ఆ పిల్ల ఎలా ఉంటుందో అతనికి తెలియదు. వరసగా బండ్లు, బండ్ల నిండా పడుచుపిల్లలు, అందరూ నవ్వుతున్నారు. ఒక ముఖం చూశాడు, ఇంకో ముఖం చూశాడు. జాతర గెలిచిన పైల్వాన్‌కు చెమటలు పట్టాయి.

"చుక్కీ..." అన్నాడు మెల్లగా.

హంపమ్మ పలకలేదు. ఇన్నాళ్లూ ఏడిపించినందుకు ఆ మాత్రం ఏడవనీ అనుకుంది. అతను ఏమనుకున్నాడో, నడి జాతరలో నిలబడి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. అలవాటైన చీకట్లోనే వెతకాలనుకున్నాడు కాబోలు.

ఆ ముఖం చూసి ఆమె మనసు ఆగలేదు. ఒళ్లో ఉన్న క్యాను మూత మీదికి వేళ్లు వాటంతట అవే పోయాయి.

టక్ టక్ టక్ టక్.

తిక్కయ్య కళ్లు తెరవకుండానే ఇటు తిరిగాడు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి బండి ముందు ఆగాడు. అప్పుడు కళ్లు తెరిచాడు.

"చిటికెనేలు మేలుకున్నట్టుంది" అన్నాడు.

ఈరప్ప ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఎద్దుల పరసలో తలపండిన మనిషి, ఆ మాత్రం తెలియదా? "అక్కా, ఈ జత కుదిరింది. మనం అడ్డం బోయేది లేదు" అన్నాడు. భీమమ్మ కళ్లు తుడుచుకుంటూ, "నేనెప్పుడు గాదన్నా? వచ్చిన పొద్దు నుంచి అత్తా అనే పిలుస్తాండాడు గదా" అంది.

తిక్కయ్య చుట్టూ చూశాడు. ఇన్నాళ్లూ మాట మోసిన చుక్కి ఆదోనిలో ఉంది. దిక్కుతోచక బండెద్దు వైపు తిరిగి దాని మూపురం మీద చెయ్యేశాడు. "బసవన్నా, ఆయమ్మతో సెప్పు..."

"బసవన్నతో పనిల్యా" అంది హంపమ్మ. "నాతోనే సెప్పు."

తిక్కయ్య తల ఎత్తి, ఆమె ముఖంలోకి చూస్తూ, చెప్పాల్సిన మాట చెప్పాడు.

ఈసారి తల వంచుకున్నది హంపమ్మ.